ఏళ్ల తరబడి కూర్చున్న కాళ్లకు ఏ గెంతు తగినది?

కాళ్ల బలం కోసం గెంతే వ్యాయామం మొదలుపెట్టాలనుకునే నడివయసు మనిషి ముందు ఇప్పుడు చాలా మార్గాలు ఉన్నాయి. ఆటవస్తువుల దుకాణంలో స్కిప్పింగ్ తాడు దొరుకుతుంది, జిమ్‌లో చెక్కపెట్టె మీదికి గెంతించే శిక్షకులు ఉంటారు, ఫోన్‌లో చూసి చేసే గుంజీల గెంతులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో మినీ ట్రాంపొలిన్ (చట్రానికి సాగే గుడ్డ బిగించిన గెంతుడు పరికరం) అమ్ముతున్నారు, పైసా ఖర్చు లేకుండా మడమలు ఎత్తి దించే పద్ధతీ ఉంది. పైకి అన్నీ ఒకే కోవకు చెందినట్లు కనిపించినా, అవి కాళ్ల మీద మోపే భారం, పనిపెట్టే కండరాలు, తెచ్చిపెట్టే ప్రమాదాలు వేర్వేరు. చాలామంది తాడుతో మొదలుపెడతారు. ఏళ్లుగా వ్యాయామం లేనివారికి అది తొలి ఎంపిక కాకూడదని, తక్కువ ఎత్తున్న మెట్టు మీదికి రెండు కాళ్లతో గెంతి, కిందికి మాత్రం నడిచి దిగడమే వారిలో ఎక్కువ మందికి సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఎంపికకు ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

వ్యాయామం లేనివారంటే సోమరులని అర్థం కాదు. పదిగంటలు కంప్యూటర్ ముందు పనిచేసేవారు, దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు, రోజంతా కారు నడిపేవారు, ఇంటిపనితో అలసిపోయినా కాళ్లకు భారం తగలని గృహిణులు అందరూ ఇందులోకి వస్తారు. 2022 నాటి పరిస్థితిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, భారతదేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల వరకు మధ్యస్థాయి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని అదే సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మనలో నడకకు వెళ్లేవారు సైతం ఆ రెండో భాగాన్ని తరచుగా వదిలేస్తారు. గెంతులు ఆ లోటును కొంత పూడ్చగలవు గానీ నడకకు బదులు కాలేవు.

గెంతు వల్ల వచ్చేది ఎలాంటి బలం

బరువును నెమ్మదిగా ఎత్తగలగడం ఒక శక్తి, అదే బలాన్ని రెప్పపాటులో వాడగలగడం మరొక శక్తి. వయసు పైబడే కొద్దీ రెండోది మొదటిదానికంటే త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే వేగంగా సంకోచించే కండర తంతువులే ముందుగా సన్నబడతాయి. తడి బాత్‌రూమ్‌లో ఒక కాలు జారినప్పుడు రెండో కాలిని సమయానికి వేసి నిలదొక్కుకోవడం, కదలబోతున్న బస్సు మెట్టెక్కడం వంటి పనులన్నీ ఈ రెండో శక్తి మీద ఆధారపడి ఉంటాయి. గెంతులు ప్రధానంగా పెంచేది దీన్నే. తొడలు లావెక్కాలన్నదొక్కటే కోరికైతే గెంతవలసిన అవసరమే లేదు. చేతుల్లో బరువు పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఆ పనిని ఇంకా బాగా చేస్తుంది.

పాదం నేలను తాకగానే పిక్క, తొడ కండరాలు ఒక్కసారిగా సాగి, మరుక్షణమే ముడుచుకుంటాయి. ఆ సాగుదలలో నిల్వ అయిన శక్తి తర్వాతి గెంతుకు తోడ్పడుతుంది. దీన్ని ఒక శిక్షణ పద్ధతిగా మలచినవారిలో ముఖ్యుడు సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ. 1960ల చివరలో ఆయన క్రీడాకారులను ఎత్తైన పెట్టె మీద నుంచి కిందికి దూకించి, పాదం నేలకు ఆనగానే మళ్లీ పైకి ఎగిరించేవాడు. 1975లో అమెరికా శిక్షకుడు ఫ్రెడ్ విల్ట్ ఈ తరహా వ్యాయామాలకు ప్లయోమెట్రిక్స్ అని పేరు పెట్టాడు. ఈ పద్ధతి పుట్టింది అప్పటికే కాళ్లు రాటుదేలిన క్రీడాకారుల కోసం. అందువల్ల వారి ఎత్తులను, వారి సంఖ్యలను ఆఫీసు ఉద్యోగి తన దినచర్యలోకి అరువు తెచ్చుకోకూడదు.

భారం ఎంత పడుతుందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. మామూలు నడకలో ఒక్కో అడుగుకు పాదం మీద పడే బలం శరీర బరువుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల లోపు ఉంటుంది. పరుగులో అది రెండు, మూడు రెట్లకు చేరుతుంది. ఎత్తు నుంచి దూకి కాళ్లు బిగదీసి దిగితే అంతకు మించిపోతుంది. 80 కిలోల మనిషికి మూడు రెట్లంటే 240 కిలోలు. అది క్షణంలో చిన్న భాగం పాటే పడినా మోకాలికి, చీలమండకు ఆ లెక్క తెలుస్తూనే ఉంటుంది. అందువల్ల ఈ వ్యాయామాలను పోల్చేటప్పుడు ఎంత ఎత్తుకు ఎగురుతున్నామన్నది కాకుండా, నేలకు ఎంత భారంతో, ఎన్నిసార్లు దిగుతున్నామన్నది చూడాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి, కానీ వాటిని ఎముకలకు కలిపే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. మూడో వారానికి కాళ్లు తేలికపడ్డాయని ఉత్సాహంతో గెంతులను రెట్టింపు చేసేవారికి మడమ వెనుక నొప్పి మొదలయ్యేది ఇక్కడే. మడమ వెనుక తాడులా చేతికి తగిలే అకిలీస్ టెండన్ తెగిపోయే సంఘటనలు ముప్పైల నుంచి యాభైల లోపు వయసున్న మగవారిలో, అదీ వారమంతా కూర్చుని ఆదివారం మాత్రం బ్యాడ్మింటన్ కోర్టుకు వెళ్లేవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. మన దగ్గర జ్వరానికీ విరేచనాలకూ చీటీ లేకుండా కూడా కొని మింగే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ కోవలోని యాంటీబయాటిక్‌లు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి వివరాల పత్రంలో గట్టి హెచ్చరిక చేర్పించింది. మందు ఆపిన కొన్ని నెలల వరకు కూడా ఆ ముప్పు ఉండవచ్చు గనుక, ఇటీవల వాటిని వాడినవారు, ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడుతున్నవారు, వైద్యుడిని అడిగిన తర్వాతే గెంతడం మంచిది.

ఎంచుకునే ముందు మీ కాళ్లను పరీక్షించండి

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులను ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవడానికి ఎంత సమయం పడుతుందో చూసుకోండి. ఆసియా దేశాల వృద్ధుల్లో కండర క్షీణతను గుర్తించడానికి నిపుణుల బృందం 2019లో సూచించిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే కాళ్ల సామర్థ్యం తగ్గినట్లు లెక్క. వృద్ధులకు పెట్టిన ఈ గీతను నలభై ఏళ్లవారు దాటలేకపోతే గెంతుల ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టాలి. తర్వాత గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద పది సెకన్లు తూలకుండా ఉండగలరో లేదో, గోడకు వేళ్లు ఆనించి ఒక్క కాలి మడమను పదిసార్లు పూర్తిగా ఎత్తగలరో లేదో చూసుకోండి. చివరిగా రెండంతస్తుల మెట్లు దిగి చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం రావడం సహజమే గానీ, దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తే, గెంతి దిగే భారాన్ని ఆ మోకాలు ఇప్పుడే మోయలేదని అర్థం.

ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా తొలి ఆరు నుంచి ఎనిమిది వారాలు కుర్చీ, మెట్లు, మడమల ఎత్తుడు చాలు. కుర్చీలోంచి వీలైనంత వేగంగా లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవడం వల్ల పాదం నేల విడవకుండానే వేగానికి సంబంధించిన శిక్షణ కొంత దక్కుతుంది. మెట్లెక్కడం తొడలకు, పిర్రలకు మంచి పని. తిరుమలకు కాలినడకన వెళ్లాలని అలిపిరి మార్గంలోని 3,550 మెట్ల కోసం సాధన చేసేవారికి ఇది తెలిసిన విషయమే. అయితే అది ఓర్పును పెంచినంతగా చురుకుదనాన్ని పెంచదు.

మార్గాల పోలిక

తాడాటతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరి దృష్టి ముందుగా దాని మీదే పడుతుంది. దాని గుణాలు తక్కువేమీ కావు. తాడు చవక, చోటు కొంచెమే చాలు, లయ కుదిరితే మనసుకు హుషారు. కానీ అది ప్రధానంగా గుండెకు, ఊపిరితిత్తులకు వ్యాయామం. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తితో పోలిస్తే నెమ్మదిగా తాడాడినా తొమ్మిది రెట్ల దగ్గరగా, నిమిషానికి నూరు దాటితే సుమారు పన్నెండు రెట్లు ఖర్చవుతుందని వ్యాయామ పట్టికలు చూపుతున్నాయి. అది పరుగుతో సమానమైన శ్రమ. అలవాటు లేని మనిషి కాళ్లు బలపడకముందే ఊపిరి అందక ఆగిపోతాడు. కాళ్లలో కూడా పనంతా పిక్కలదీ చీలమండలదీ. మోకాళ్లు పెద్దగా వంగవు కాబట్టి తొడలకు, పిర్రలకు దక్కేది తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా నిమిషానికి నూరు గెంతుల చొప్పున పది నిమిషాలు ఆడితే అకిలీస్ టెండన్ మీద వెయ్యి దెబ్బలు పడతాయి. తాడు కాలికి తగిలినప్పుడల్లా అయ్యే తడబాటు అదనం. రోజూ వేగంగా నడిచేవారు లేదా మెల్లగా పరుగెత్తేవారు, బరువు అదుపులో ఉన్నవారు దీన్ని ఎంచుకోవచ్చు. వారు కూడా ఇరవై గెంతులకొకసారి ఆగి, ఊపిరి సర్దుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. కాళ్ల బలమే లక్ష్యమైతే తాడు రెండో ఏడాది సంగతి అనుకోవడం మంచిది.

గుంజీలు తీస్తూ పైకి ఎగరడం దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంటుంది. తొడలు, పిర్రలు, పిక్కలు మూడూ పూర్తి శక్తితో పనిచేస్తాయి కాబట్టి బలం దృష్ట్యా ఇదే అన్నిటికంటే మేలైన గెంతు. చిక్కంతా దిగేటప్పుడే. ఎగిరిన ఎత్తంతా తిరిగి నేలకు పడాలి. అలసట రాగానే మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి దగ్గరవుతాయి, నడుము ముందుకు వంగిపోతుంది, మడమలు చప్పుడు చేస్తూ నేలను కొడతాయి. ఫోన్ వీడియోల్లో నలభై సెకన్లు ఆపకుండా చేయించే తీరు కొత్తవారికి హానికరమని గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే అక్కడ తీరు చెడిపోయిన తర్వాత కూడా గడియారం ఆగదు. గెంతకుండా, కుర్చీ ఎత్తు వరకు దిగుతూ, ఇరవై నిదానపు గుంజీలను ఒకే తీరులో తీయగలిగినవారే దీని జోలికి వెళ్లాలి. అప్పుడు కూడా విడతకు నాలుగైదు గెంతులకు మించకుండా, ప్రతి గెంతు తర్వాత ఒక క్షణం కదలకుండా నిలబడి చూసుకోవాలి.

ఈ రెండింటి నడుమ నిలిచేది మెట్టు మీదికి గెంతడం. మామూలు గెంతులో శరీరం ఎంత పైకి లేస్తే అంత కిందికి పడాలి. మెట్టు మీదికి గెంతినప్పుడు ఆ పడే దారిలో సగంలోనే పాదానికి ఆధారం దొరుకుతుంది, కాబట్టి ఎగరడానికి కాళ్లు పెట్టిన బలం పెద్దదే అయినా దిగేటప్పుడు తగిలే దెబ్బ తగ్గుతుంది. ఆ తర్వాత ఒక కాలు, మరొక కాలుగా నడిచి దిగిపోతే బలం వచ్చే భాగం మిగులుతుంది, నొప్పి తెచ్చే భాగం చాలావరకు తొలగిపోతుంది. పైగా ఒక్కో గెంతు తర్వాత ఆగి తిరిగి సర్దుకోవాల్సి రావడం వల్ల తొందరపాటుకు చోటుండదు. ఇంటి మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు చాలు. సాధారణంగా అది 15 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, పక్కనే పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా ఉంటుంది. పాదం మొత్తం మెట్టు మీద ఆనేంత వెడల్పు ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. ప్లాస్టిక్ స్టూలు, టైల్స్ మీద జారే చెక్కపీట, ఊగే బల్ల ఇందుకు పనికిరావు. జిమ్‌లో ఉండే అరవై సెంటీమీటర్ల పెట్టె వైపు చూడవలసిన అవసరమే లేదు. అక్కడ మోకాళ్లను ఛాతీ దాకా మడిచే నేర్పు పెరుగుతుంది తప్ప కాళ్ల బలం అంతగా పెరగదు, గురి తప్పితే ముంగాలి చర్మం చెక్క అంచుకు ఊడివస్తుంది.

మెట్టు కూడా ఎక్కువే అనిపించేవారికి మడమల దెబ్బ ఉంది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలను ఒక్కసారిగా నేలకు వదలాలి. కొన్ని వారాల తర్వాత పాదాలు నేలను రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే విడిచేలా చిన్న చిన్న గెంతులు వేయవచ్చు. ఇది తొడలను పెంచదు గానీ, టెండన్లను, చీలమండలను రాబోయే పనికి సిద్ధం చేస్తుంది. మెట్టు గెంతులకు ముందు రెండు వారాలు దీన్ని చేసినవారికి పిక్కలు పట్టేయడం తక్కువగా ఉంటుంది.

మినీ ట్రాంపొలిన్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. దాని గుడ్డ దెబ్బను తనలోకి తీసుకుంటుంది గనుక మోకాళ్లకు హాయిగానే ఉంటుంది. అదే కారణం వల్ల ఎముకలకు, కండరాల చురుకుదనానికి అందవలసిన ప్రేరణ కూడా తగ్గిపోతుంది. కొన్ని వేలు పెట్టి, గదిలో మంచమంత చోటిచ్చి కొనుక్కోవడానికి సరదా తప్ప బలం కారణం కాలేదు. కొన్నా, పట్టుకునే కడ్డీ ఉన్నదే కొనాలి. ఇక చిన్నప్పటి తొక్కుడుబిళ్ళ చూడటానికి అమాయకమైన ఆటే గానీ, ఒంటికాలి గెంతులో శరీర భారమంతా ఒక్క కాలి మీదే పడుతుంది. దాన్ని ఆరునెలల సాధన తర్వాత మనవలతో ఆడుకోవచ్చు.

ఎవరు గెంతకూడదు, ఎవరు అడిగి గెంతాలి

మోకాళ్లు అరిగి వాపు వచ్చేవారు, గర్భిణులు, అదుపులో లేని రక్తపోటు గలవారు, నడిచినప్పుడు ఛాతీలో పట్టేసినట్లుండేవారు గెంతులను ఎంచుకోకూడదు. మన రాష్ట్రాల్లో మధుమేహం ఇంటింటా ఉంది కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాదాల స్పర్శ తగ్గినవారికి బొబ్బ, పగులు, చిన్న ఎముక విరుగుడు కూడా తెలియకపోవచ్చు. కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు ఏర్పడినవారికి కుదుపు వల్ల కంట్లో రక్తస్రావం కావచ్చు. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడుతూ ఉదయాన్నే ఖాళీ కడుపుతో గెంతితే కళ్లు తిరగవచ్చు. ఈ మూడింటినీ వైద్యుడి దగ్గర తేల్చుకున్న తర్వాతే మెట్టెక్కాలి.

ప్రసవాల తర్వాత గెంతినప్పుడు మూత్రం జారడం చాలామంది స్త్రీలు పైకి చెప్పుకోని ఇబ్బంది. వారు ముందుగా కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, అది కుదిరాకే మడమల దెబ్బతో మొదలుపెట్టాలి. ఎముకలు గుల్లబారినవారి విషయం కొంత భిన్నం. ఆస్ట్రేలియాలో బహిష్టు ఆగిపోయి, ఎముకల సాంద్రత తగ్గిన స్త్రీల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులెత్తిస్తూ, గట్టిగా నేలకు దిగే గెంతులు వేయించిన లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనంలో నడుము, తుంటి ఎముకలకు మేలు కనిపించింది. అది పూర్తిగా శిక్షకుల కళ్లముందు, నెమ్మదిగా భారం పెంచుతూ జరిగిన పని. వెన్నుపూస ఇప్పటికే కుంగినవారు దాన్ని చూసి ఇంట్లో ఒంటరిగా దూకితే చేటే జరుగుతుంది.

ఎంత, ఎక్కడ, ఎలా

వారానికి రెండు రోజులు చాలు, రెంటి మధ్య కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. మొదటి వారాల్లో రోజుకు ఇరవై మెట్టు గెంతులను నాలుగు విడతలుగా విడగొట్టి, విడతకు విడతకు నడుమ నిమిషానికి పైగా ఆగితే ఊపిరి అడ్డురాదు. రెండు వారాలకొకసారి నాలుగైదు గెంతులు కలుపుకుంటూ యాభైకి చేరితే, వ్యాయామం అలవాటు లేని వయోజనుడికి అంతకంటే ఎక్కువ అవసరం ఉండదు. పాదాల చప్పుడు పెరిగిందంటే కాళ్లు అలసిపోయాయని గుర్తు. సంఖ్య పూర్తి కాకపోయినా అక్కడ ఆపాలి. అపార్ట్‌మెంటులో కింది వాటావారు కూడా ఈ నియమాన్ని మెచ్చుకుంటారు.

టైల్స్ మీద మేజోళ్లతో గెంతకూడదు, హవాయి చెప్పులు అసలే పనికిరావు. మడమకు మెత్తదనం ఉన్న బూట్లు వేసుకుని, గట్టి రబ్బరు చాప మీద గానీ, చదునైన మట్టినేల మీద గానీ గెంతాలి. చలికాలపు ఉదయం మంచుకు తడిసిన డాబా జారుతుంది. మొదట ఐదు నిమిషాలు నడిచి, పది గుంజీలు తీసి ఒళ్లు వేడెక్కిన తర్వాతే తొలి గెంతు వేయాలి.

మరుసటి రోజు తొడల్లో, పిక్కల్లో తీపు ఉంటే కంగారు పడనక్కరలేదు, అది రెండు మూడు రోజుల్లో పోతుంది. కానీ నిద్రలేచి మొదటి నాలుగు అడుగులు వేసేటప్పుడు మడమ వెనుక గట్టిగా పట్టేసినా, మోకాలు వాచినా, ముంగాలి ఎముక మీద ఒకే చోట వేలు పెడితే నొప్పి పుట్టినా, ఆ వారం గెంతులు మాని కుర్చీ వ్యాయామానికి తిరిగి వెళ్లాలి. నొప్పి తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి. పెళ్లిళ్ల ప్రయాణాల వల్లో, జ్వరం వల్లో మూడు వారాలకు పైగా విరామం వస్తే, ఆపిన సంఖ్య దగ్గర కాకుండా దానిలో సగం దగ్గర తిరిగి మొదలుపెట్టాలి; జ్వరం వల్ల ఆపినవారు, అప్పుడు వాడిన యాంటీబయాటిక్ పైన చెప్పిన టెండన్ ముప్పు తెచ్చే కోవలోనిదేమో మందుల చీటీలో చూసుకోవాలి.